బోర్డు లేని షెడ్డు

పోయిన నెలలో గుడివాడ నుంచి ఒకాయన బందరులో మా టైపింగు షాపుకి వచ్చాడు. ముప్ఫయ్యేళ్ళుంటాయేమో. రొయ్యల చెరువుల్లో నీటి పరీక్షకి ఏదో యంత్రం తయారుచేసి చిన్న కంపెనీ పెట్టుకున్నాడట. ఆ కంపెనీని కెనడాలో పెడతానంటే, అక్కడ శాశ్వతంగా ఉండిపోవడానికి వీసా ఇస్తున్నారట. దానికి కాగితాలు తయారుచేసి పెట్టాలి. కుర్చీ చూపించాను. కూర్చోలేదు. బైకు తాళాలు గలగల్లాడిస్తూ, నా కంప్యూటరు బల్ల చుట్టూ తిరుగుతూ చెప్పుకుపోతున్నాడు. ఇలాంటి పనుల్లో నేను అడిగే మొదటి ప్రశ్న ఒకటుంది. అది అడిగాను.

"కంపెనీ ఎవరి పేరు మీద ఉందండీ?"

"మా ఆవిడ పేరు మీదండీ. తన పేరున కలిసొస్తుందన్నారు."

నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేక నవ్వుతూనే ఉన్నాను, చూస్తే కళ్ళు నిండిపోయాయి. అతను తాళాలు ఆపేసి నా వంక అనుమానంగా చూశాడు. మంచినీళ్ళు తాగి, ముందు ఆడిటరు దగ్గరికెళ్ళి కంపెనీ తన పేరుకి మార్చుకుని రమ్మని పంపేశాను. ఆ పూటంతా ఇంక పని సాగలేదు. ఎప్పుడో పోయిన పెడన ఆయన మళ్ళీ వచ్చి నా షాపులో పచార్లు చెయ్యడం మొదలుపెట్టారు.

ఆయన పేరు ఇక్కడ రాయను. తన పేరు ఎక్కడైనా రాస్తే ఆయనకి భయం.

తొంభైల్లో నాది టైపు ఇన్‌స్టిట్యూటు. బందరు కోనేరు సెంటర్‌కి దగ్గర్లో, మేడ మీద, పన్నెండు మిషన్లు. పిల్లలందరూ ఒక్క లయలో కొడుతుంటే కింద కిళ్ళీ కొట్టువాడికి కూడా తాళం తెలిసేది. ఆయన వచ్చిన రోజున ఆ లయ పోయింది. గోడ నుంచి గోడకి నడుస్తూ మాట్లాడేవారు. ఆయన అడుగు ఒక తాళం, మా పిల్లల వేళ్ళు ఇంకో తాళం. వారం తిరిగేసరికి ఆడపిల్లలందరూ ఆయన్ని 'నడక బాబాయి గారు' అనడం మొదలుపెట్టారు. నాకు మాత్రం ఒళ్ళు మండేది.

"కూర్చుని చెప్పండి, మీకు పుణ్యముంటుంది."

"కూర్చుంటే మాట రాదండీ మేడమ్ గారూ."

పెడనలో ఆయనకి అద్దకం షెడ్డు ఉండేది. చెక్క అచ్చులతో గుడ్డ మీద పువ్వులూ లతలూ అద్ది, కాలవ నీళ్ళలో ఉతికి ఆరేసే పని. ఇనప తుక్కూ బెల్లమూ నానబెట్టి చేసే నల్లరంగు ఆయన వేళ్ళ చివర్ల నుంచి ఎన్నడూ పోయేది కాదు. నా తెల్ల కాగితాల మీద ఆ వేళ్ళు పడతాయేమోనని నేను బల్ల కాపలా కాసేదాన్ని. టీ తెప్పిస్తే నిలబడే సగం తాగి, మిగతా సగం ఉన్న గ్లాసు కిటికీలో పెట్టి మర్చిపోయేవారు. బస్సులో వస్తుంటే పెడన రైలుగేటు పడిందంటే చాలు, దిగిపోయి నడక మొదలుపెట్టేవారట. గేటు తీశాక ఆ బస్సే ఆయన్ని దాటుకుని వెళ్ళిపోయేది. ఎన్నిసార్లు అలా జరిగినా మళ్ళీ దిగేవారు. అదేమిటండీ అంటే, "ఆగిన బస్సులో కూర్చోలేనండీ" అనేవారు.

ఆయనకి కావలసింది కెనడా. అప్పట్లో కూడా వ్యాపారస్తులకి అలాంటి దారొకటి ఉండేది. ఇక్కడ సొంతంగా వ్యాపారం నడిపిన అనుభవం చూపించాలి, అక్కడ ఏం పెడతామో రిపోర్టు రాసివ్వాలి. రానిస్తే, వెళ్ళి గడువులోగా వ్యాపారం పెట్టి, ఇంటివాళ్ళు కాని ఒక్కరికైనా ఉద్యోగం ఇచ్చి చూపించాలి. అప్పుడు షరతు తీసేసి శాశ్వతంగా ఉండనిస్తారు. ఆ రిపోర్టు టైపు చెయ్యడమే నా పని. ఎన్నిసార్లు చేశానో నాకే తెలియదు. అక్కడ చలికాలంలో కాలవ గడ్డకడితే గుడ్డ ఎక్కడ ఉతుకుతారని నేను వెటకారంగా అడిగితే, మర్నాడు పొద్దున్నే వచ్చి, "తొట్టెలు కట్టి వేణ్ణీళ్ళు పడతామని రాయండి" అన్నారు. ఆ బయటి ఉద్యోగి గురించి ఆయన పడిన ఆలోచన అంతా ఇంతా కాదు. ముఖం తెలియని ఆ మనిషికి జీతమెంత, సెలవులెన్ని, మధ్యాహ్నం భోజనానికి ఎంతసేపు, అన్నీ రాయించారు. చివర్లో ఒక లైను.

"పనివాళ్ళెవరూ రాత్రి షెడ్డులో పడుకోకూడదు. ఇది కూడా రాయండి."

"కెనడావాడు మీ షెడ్డులో ఎందుకు పడుకుంటాడండీ? ఇల్లూ వాకిలీ లేకనా?"

"ఉన్నా సరే, రాయండి."

ఆ ఒక్క లైను కోసం పేజీ మారిపోతోందని నాకు చిరాకు. రెండుసార్లు కావాలనే వదిలేశాను. రెండుసార్లూ కనిపెట్టారు. ఇంగ్లీషు చదవడం రానివాడికి ఆ లైను లేదని ఎలా తెలిసిందో! పొడుగు చూసి పోల్చుకునేవారనుకుంటాను. పెడన షెడ్డులోనూ అంతే. పొద్దువాలగానే ఒక్కొక్కళ్ళనీ బయటికి పంపి, లోపల మూలమూలా చూసి తాళం వేసేవారు.

కెనడా ఎందుకని అడిగితే మొదట ఒక ఫొటో చూపించారు. ఈయన గుడ్డ కొనుక్కునే మద్రాసు ఏజెంటు ఇచ్చాడట. కెనడాలో ఒక షాపు. అద్దాల్లో ఈయన అద్దిన నెమళ్ళూ మామిడిపిందెలూ వేలాడుతున్నాయి. పైన బోర్డు మీద ఎవరిదో పేరు.

"నా గుడ్డ వెళ్ళిందండీ. నేను వెళ్ళలేనా?"

ఇంకో రోజున, పిల్లలు వెళ్ళిపోయాక, గొంతు తగ్గించి తన పేరు ఇంటిపేరుతో సహా ఇంగ్లీషు పెద్దక్షరాల్లో కొట్టి చూపించమన్నారు. బోర్డు మీద ఎంత పొడుగొస్తుందో చూడాలట. కొట్టి ఇచ్చాను. కాగితం కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి, అక్షరాలు ఒక్కొక్కటీ వేలితో లెక్కపెట్టుకున్నారు. తర్వాత దాన్ని చిన్నచిన్న ముక్కలుగా చింపారు. బుట్ట ఉంది కదా అంటే వినకుండా ముక్కలన్నీ జేబులో వేసుకుని వెళ్ళారు. దారిలో కాలవలో కలిపేశారని తర్వాత తెలిసింది.

ఆయన పెడన షెడ్డుకి బోర్డు లేదు. షెడ్డు, ఇల్లు, కరెంటు మీటరు, బ్యాంకి ఖాతా, స్కూటరు, ఎగుమతి లైసెన్సు, అన్నీ భార్య పేరు మీదే. రేషన్ కార్డులో కూడా ఇంటి యజమాని ఆవిడే. ఘంటసాలలో ఒక సిద్ధాంతి గారు చెప్పారట, ఈయన పేరు ఈ నేల మీద పడితే అరిష్టమని. సముద్రం అవతలైతే దోషం లేదన్నారట. అందుకని కెనడా. అక్కడ ఒక షాపు పెట్టాలి, దాని మీద తన పేరు రాయించుకోవాలి. ఆయన కోరికంతా ఇంతే. నేను చదువుకున్నదాన్ని కదా, మనసులో ఎంత నవ్వుకున్నానో.

మొదటి దరఖాస్తు ఇంటర్వ్యూ దాకా కూడా పోలేదు. మీరు సొంతంగా వ్యాపారం నడిపినట్టు ఒక్క ఆధారమూ లేదని ఢిల్లీలోని కెనడావాళ్ళ ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. పాతికమందికి పని చూపిస్తున్న మనిషి కాగితం మీద చూస్తే ఏమీ కాదు. నాకు కోపమొచ్చింది.

"షెడ్డు మీ పేరుకి మార్చుకోండి, దరిద్రం వదిలిపోతుంది. ఒక్క రోజు పని."

"అది మాత్రం అడక్కండి."

"పోనీ ఎప్పుడైనా, ఎక్కడైనా, మీ పేరున ఏదైనా వ్యాపారం ఉండేదా?"

నడక ఆగింది. కిటికీ వైపు తిరిగి, "ఒకటుండేది" అన్నారు.

ఆ ఆదివారం ముగ్గురం బయల్దేరాం. ఆయన, ఆయన భార్య, నేను. ఆవిడది అవనిగడ్డ దగ్గర ఊరు. మాట తక్కువ. ఎక్కడ పెట్టమంటే అక్కడ సంతకం పెట్టడమే ఆవిడ పనని నేననుకునేదాన్ని. చల్లపల్లి మీదుగా నాగాయలంక వెళ్ళి, అక్కణ్ణించి దిగువకి రిక్షాలో వెళ్ళాం. ఆయన రిక్షా ఎక్కలేదు, పక్కనే నడిచారు. పాత పంచాయతీ రికార్డుల్లో ఈయన షెడ్డు ఉన్నట్టు ఒక సర్టిఫికెట్ సంపాదించాలన్నది నా ఎత్తు.

ఆయన చూపించిన చోట ఉప్పు తేలిన బీడు, నాలుగు తుమ్మచెట్లు. షెడ్డుకి గుర్తుగా ఒక్క ఇటుక కూడా లేదు. ఆయన ఆ బీట్లో అడుగులు కొలుస్తూ నడిచారు. ఇదిగో తలుపు, ఇదిగో రంగు బానలు, ఇదిగో బోర్డు, అని చూపించారు. ఒకచోట ఆగి, ఆ స్థలం మాత్రం కాలితో తొక్కకుండా చుట్టూ తిరిగి వచ్చారు.

"ఆ ఏడు దీపావళికి బోర్డు పెట్టానండీ. నా పేరే, ఎర్రరంగుతో. రెండు వారాలు నిండలేదు, ఉప్పెనొచ్చింది."

డెబ్భై ఏడు ఉప్పెన గురించి మా వైపు ఎవరికీ చెప్పక్కర్లేదు. నేను నోరు మూసుకోవలసింది. మూసుకోలేదు.

"ఉప్పెన దివిసీమ అంతటికీ వచ్చింది కదండీ. మీ బోర్డు చూసి వచ్చిందా?"

"అందరూ ఆ నెల్లోనే బోర్డు పెట్టలేదు కదండీ." ఆయన నా వంక చూడకుండా చెప్పుకుపోయారు. "ఇద్దరు అద్దకం వాళ్ళు ఇళ్ళకి వెళ్తామన్నారు. గాలి ఎక్కువగా ఉంది, ఈ పూటకి షెడ్డులోనే పడుకోండని నేనే చెప్పాను. చెప్పి నేను చల్లపల్లి వెళ్ళిపోయాను, గుడ్డ తేవడానికి. తిరిగొచ్చేసరికి..."

ఆవిడ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని రిక్షా చక్రం వంక చూస్తోంది. నేను రెండుసార్లు కొట్టకుండా వదిలేసిన లైను గుర్తొచ్చి నాకు ఒళ్ళంతా సిగ్గేసింది. ఈ మనిషి ఇన్నేళ్ళూ ఎందుకు కూర్చోలేకపోయాడో అప్పటికి తెలిసింది నాకు. సర్టిఫికెట్ దొరకలేదు. ఆ ఊరి రికార్డులు కూడా ఉప్పెనలోనే పోయాయట.

ఇక మిగిలింది ఒకటే దారి. వ్యాపారం ఆవిడ పేరున ఉంది కాబట్టి దరఖాస్తు ఆవిడే పెట్టాలి. ఆవిడ మీద ఆధారపడిన భర్తగా ఈయన వెనక వెళ్ళాలి. చెప్పడానికి నేనే జంకాను. ఆయన మాత్రం గబగబా నాలుగు పచార్లు చేసి, "ఏదో ఒకటి లెండి, సముద్రం దాటాక చూసుకుందాం" అన్నారు. రిపోర్టంతా మళ్ళీ ఆవిడ పేరుతో కొట్టాను. ఈసారి ఆ లైను ఆయన అడక్కముందే పెట్టాను.

ఢిల్లీ నుంచి ఇంటర్వ్యూకి పిలుపొచ్చాక మూణ్ణెల్లు మా ఇన్‌స్టిట్యూటులో ఆవిడకి పాఠాలు. ఆయన నడుస్తూ ప్రశ్నలు, ఆవిడ స్టూలు మీద కూర్చుని జవాబులు.

"రంగులు ఎవరు చూస్తారు?"

"నేనే."

"పనివాళ్ళని ఎవరు పెట్టుకుంటారు?"

"నేనే."

"గట్టిగా చెప్పు. నువ్వు ఓనరువి."

"నేనేనండీ" అని ఆవిడ నేల చూపులు చూస్తూ అంటుంటే, పక్కన టైపు కొడుతున్న పిల్లలు పంటి బిగువున నవ్వు ఆపుకునేవారు.

ఢిల్లీ నుంచి వచ్చిన మర్నాడు ఆవిడ ఒక్కతే నా దగ్గరికి వచ్చింది. అలా ఎప్పుడూ రాలేదు. ముఖంలో నెత్తురు లేదు.

"అక్కయ్య గారూ, పాడుచేసేశాను."

జరిగింది ఇది. లోపలికి ఆవిణ్ణొక్కదాన్నే పిలిచారు. ఆఫీసరు పక్కన తెలుగు చెప్పే అమ్మాయి కూర్చుంది. రంగులూ, జీతాలూ, ఎగుమతులూ అన్నీ అడిగాడు. నేర్పినట్టే, అన్నిటికీ నేనే అంది. ఆఖర్న అతను రిపోర్టు తిరగేస్తూ ఒకచోట ఆగాడట. పనివాళ్ళెవరూ రాత్రి పడుకోకూడదని ఎందుకు రాశారు, ఇలాంటిది ఎక్కడా చూడలేదే అన్నాడట. ఆ ప్రశ్న మేమిద్దరం నేర్పలేదు.

"ఏం చెప్పారండీ?"

"ఏదో ఒకటి చెబుదామనుకున్నానండీ. నోరు రాలేదు. ఆ ఇద్దరూ గుర్తొచ్చారు. వాళ్ళకి అన్నం వండి పెట్టినదాన్ని నేను. మొత్తం చెప్పేశాను. అది రాయించింది నేను కాదు, ఆయన. షెడ్డూ ఆయనదే, పనీ ఆయనదే, నేను సంతకం పెడతానంతే అని చెప్పేశాను. మీ ఆయన పేరేమిటన్నాడు. చెప్పాను. పెళ్ళయ్యాక నా నోటితో ఆయన పేరు అనడం అదే మొదలండీ."

నేను ఓదార్చలేదు సరికదా, మండిపడ్డాను. "ఎంత పని చేశారండీ! ఇంకొక్క నిమిషం ఓర్చుకుంటే ఆయన బోర్డు ఆయనకి దక్కేది కదా!" అన్నాను. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే నా నాలుక నాకే చేదు. ఆవిడ అన్నీ పడి, "ఆయనకి మాత్రం చెప్పకండి, నా మీదే ఆశ పెట్టుకున్నారు" అని బతిమాలి వెళ్ళింది. ఆ లైను నేను కొట్టకపోయినా బావుండేదని ఒక పూట, కొట్టడమే మంచిదని ఇంకో పూట, నాలో నేనే కొట్టుకున్నాను. రోజూ ఆయన వచ్చి "ఉత్తరం రాలేదండీ" అని నడుస్తుంటే, నేను మిషన్ మీంచి తలెత్తేదాన్ని కాదు.

ఉత్తరం వచ్చింది. కవరు కూడా చింపకుండా నా దగ్గరికి పట్టుకొచ్చారు. చూడగానే సంగతి తెలిసిపోయింది. రాలేదండీ, కాదన్నారు, అని ఒక్క ముక్కలో తేల్చేద్దామనుకున్నాను.

"అలా కాదు. ఏం రాశాడో మాట మాటా చెప్పండి."

"ఎందుకండీ, అదే అర్థం."

"చెప్పండి మేడమ్ గారూ."

అబద్ధం చెప్పడానికి ఒక్క క్షణం ఆలోచించాను. ఆవిడ ముఖం కళ్ళ ముందుంది. కానీ ఆ నల్ల వేళ్ళు నా బల్ల అంచు పట్టుకుని ఉన్నాయి. చదివాను. "మీ వ్యాపారాన్ని మీరు నడపడం లేదని మీరే చెప్పారు. దానికి అసలు యజమాని, నిర్ణయాలన్నీ తీసుకునే వ్యక్తి, మీ భర్త..." అక్కడ ఆయన పేరు. ఇంటిపేరుతో సహా, అక్షరం తప్పులేకుండా. "కాబట్టి..."

"ఆగండి."

ఆగాను. ఆయన చుట్టూ చూసి, పక్క మిషన్ ముందున్న స్టూలు లాక్కుని కూర్చున్నారు. ఆ గదిలో ఆయన కూర్చోవడం నేను ఎన్నడూ చూడలేదు. మిషన్లన్నీ ఒకటొకటిగా ఆగిపోయాయి. పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు.

"మళ్ళీ చదవండి. ఆ పేరున్న ముక్క."

చదివాను.

"ఓనర్ అని రాశాడా? నిజంగా?"

"రాశాడండీ."

"ప్రభుత్వం కాగితమేనా?"

"ముద్ర కూడా ఉంది, చూడండి."

"అయితే అది చెప్పిందన్నమాట." భార్య గురించి అంటున్నారని అర్థమవడానికి నాకు కొంచెం టైము పట్టింది. కోపమేమో అనుకుని ఆవిడ తరఫున ఏదో మొదలుపెట్టబోయాను. ఆయన వినడం లేదు. వేళ్ళకి నలుపు అంటుకుని ఉందని చొక్కాకి గట్టిగా తుడుచుకుని, ఉత్తరం అంచులు మాత్రం పట్టుకుని అందుకున్నారు. 'కాబట్టి' తర్వాత ఏముందో ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. లేస్తూ ఒక్కటే అడిగారు.

"లామినేషన్ ఎక్కడ చేస్తారండీ?"

ఆ కాగితం పెడన షెడ్డులో, ఆయన నిలబడి లెక్కలు చూసుకునే బల్ల వెనక గోడకి ఎక్కింది. వచ్చినవాళ్ళందరూ అదేదో ఎగుమతుల సర్టిఫికెట్ అనుకునేవారు. అరిష్టం భయం లేదా అని అడిగితే, ఘంటసాల వెళ్ళి అడిగొచ్చానన్నారు. ఆ ఆఫీసున్న చోటు వాళ్ళ దేశపు నేల కిందే లెక్కట. అక్కడ రాసిన కాగితానికి దోషం లేదట. ఢిల్లీలో ఉన్న ఆఫీసుని సిద్ధాంతి గారు సముద్రం అవతలికి ఎలా చేర్చారో నేను అడగలేదు. అప్పటికి నాకు కాస్త బుద్ధొచ్చింది. మళ్ళీ దరఖాస్తు పెట్టమని ఆయన అడగలేదు. నడక మాత్రం మానలేదు, రైలుగేటు దగ్గర దిగడమూ మానలేదు.

ఆయన గుండెపోటుతో పోయినప్పుడు రెండువేల సంవత్సరం దాటి కొన్నాళ్ళయింది. కబురు ఆలస్యంగా తెలిసి పెదకర్మ నాటికి వెళ్ళాను. షెడ్డులో భోజనాలు. పని బల్లలు గోడ వారకి జరిపి విస్తళ్ళు వేశారు. ఆవిడ నన్ను చూసి లేచి వచ్చి, చెయ్యి పట్టుకుని ఆ గోడ దగ్గరికి తీసుకెళ్ళింది. లామినేషన్ అంచులు చెమ్మకి లేచిపోయి ఉన్నాయి. ఆవిడ చేతిలో గంధం గిన్నె.

"అక్కయ్య గారూ, ఇందులో ఆయన పేరు ఎక్కడుందో చూపించండి. ఆయన్ని ఎన్నోసార్లు అడిగాను. ఎక్కడో ఆయనకీ సరిగ్గా తెలియలేదు."

వేలు పెట్టి చూపించాను. ఆవిడ ఉంగరం వేలితో గంధం తీసి అక్కడ బొట్టు పెట్టింది. అయిపోయిందనుకుని నేను పక్కకి జరగబోయాను. ఆవిడ నా చెయ్యి వదల్లేదు.

"ఓనర్ అన్న మాట ఏదండీ?"

అదీ చూపించాను. అక్కడ కూడా ఒక బొట్టు పెట్టింది.